చూడని ముఖాలు గీసిన సాంబయ్య కాక

శేరిగూడలో మా ఇంటి వెనుక ఏదో కాలేజీ హాస్టలు కడతామని మొన్న నాలుగు తుమ్మచెట్లు కొట్టేశారు. మొద్దుల మీద బంక కారి, ఎండకు గట్టిపడి ఉండలు కట్టింది. ఎనభై దాటిన ముసలిది చేయవలసిన పని కాదుగాని, ఒక ఉండ గిల్లి నోట్లో వేసుకున్నాను. మొదట ఏ రుచీ తెలియలేదు. తరువాత నాలుక అంటుకుంటూ కాస్త వగరు, కాస్త మట్టి. తడిసిన బంకను రెండు వేళ్ల మధ్య సాగదీస్తుంటే సాంబయ్య కాక మాట వినిపించినట్లయింది: "పల్చగైంది. ఇంక జర నాననియ్యి." రంగుల్లో కలిపే బంక నానబెట్టడం ఆయన నాకు నేర్పిన మొదటి పని. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయనను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఈ చుట్టుపక్కల నేను తప్ప మిగల్లేదు, అందుకని రాస్తున్నాను.

సాంబయ్య కాక మాకు చుట్టం కాదు. అప్పటి మా ఊరు ఇబ్రహీంపట్నం బజారు చివర, ఎడ్లబండ్లకు రంగులు వేసే కొట్టంలో ఉండేవాడు. వాళ్లది పటాలు గీసే నకాషీల ఇల్లు. కులాల కథలు చెప్పేవాళ్లకు మూరల కొద్దీ బట్ట మీద దేవుళ్లను, రాక్షసులను గీసి ఇచ్చేవాళ్లు. ఈయన మాత్రం చిన్నప్పుడే నిజాం ఉండే పట్నం పారిపోయి, ఏనుగు దంతపు రేకుల మీద నవాబుల బొమ్మలు గీసే ఒక ముసలాయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ముసలాయన పోయాక ఫొటోలకు రంగులద్దే కొలువులో చేరాడు. అక్కడ యజమాని వచ్చినవాళ్లందరినీ తెల్లగా చేయమనేవాడట. "ఎవన్ని జూసినా ఒక్క తీరుగ ఉండుడేందని కొట్లాడిన" అని చెప్పేవాడు. కొట్లాట అయ్యాక కొలువు పోయింది. బండి చక్రాలకు ఎరుపు, ఎడ్ల కొమ్ములకు నీలం పూసుకుంటూ మా ఊళ్లో తేలాడు. అప్పటికే యాభై దాటాయి. మనిషి పొట్టి, మాట మొరటు. కుంచె కొనను ఎడమ బొటనవేలి గోరు మీద పరీక్షించుకునేవాడు గనుక ఆ గోరుకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది.

మేము చాకలివాళ్లం. గడి బట్టలు ఉతకడం మా ఇంటి వెట్టి. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, వెట్టి అంటే కూలి అడగకూడని పని. ఈ రెండు మాటలూ ఈ కాలం పిల్లలకు విప్పి చెప్పవలసి వస్తున్నందుకు నాకు సంతోషమే. పెళ్లయిన ఏడాదికే మొగుడు కలరాతో పోతే నేను పుట్టింటికి తిరిగొచ్చాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. అన్న నరసింహ నాకంటే నాలుగేళ్లు పెద్ద. గడి ఆడవాళ్ల చీరలు తెచ్చేది, ఉతికి ఇచ్చేది నేనే. మేము మనుషులను బట్టల్లోనే ఎరుగుదుము. ఎవరి చీర ఏది, ఎవరి పంచె ఎక్కడ చిరిగింది అడిగితే చెప్పగలం గాని, దొరసాని కళ్లు ఎట్లా ఉంటాయని అడిగితే చెప్పలేకపోయేవాళ్లం. తలెత్తి చూసే అలవాటు మాకు లేదు.

ఆ రోజుల్లోనే దొర పట్నంలో ఎవరో నవాబు ఇంటి సామాను వేలం వేస్తుంటే ఒక చిన్న బొమ్మ కొనుక్కొచ్చాడు. కోడిగుడ్డు అంత ఉంటుంది, అట్లాగే కోలగా, పైన అద్దం, చుట్టూ బంగారు పూత అంచు. లోపల దంతపు రేకు మీద ఫ్రాన్సు దేశపు గొప్పింటి ఆడమనిషి. నీలం గౌను, మెడ చుట్టూ లేసు, గుండెల దగ్గర ఒక గులాబీ. తలవెంట్రుకలు తెల్లగా, ఎత్తుగా దువ్వి ఉన్నాయి. ముసలిదా అంటే ముఖం చూస్తే పాతికేళ్లు. ఆ దేశంలో అప్పటి గొప్పింటివాళ్లు తలకు పిండి చల్లుకునేవాళ్లని కాక పట్నంలో విని ఉన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ ఆమె పిండి దొరసాని. వెనుక అంటించిన కాగితం మీద గీసినవాడి పేరు ఉండేది గాని, అది చదివేవాడు మా తాలూకాలోనే లేడు.

ఆ బొమ్మను చూసి మా దొరసానికి తన బొమ్మ కూడా అట్లాగే కావాలని కోరిక పుట్టింది. దొర సరేనన్నాడు. దంతపు రేకు తెప్పించాడు, సాంబయ్య కాకను పిలిపించాడు. చిక్కు ఒక్కటే వచ్చింది. దొరసాని ఘోషాలో ఉండేది. పరాయి మగవాడు ఆమెను చూడడానికి లేదు. చూడకుండా గీయమన్నారు. గడిలో ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. కాక వారం రోజులు ఆలోచించి, ఒక మనిషి లోపలికి పోయి చూసి వచ్చి తనకు చెప్పాలని అడిగాడు. లోపలికి పోగలిగినవాళ్లలో తీరిక ఉన్నది నేనే. అట్లా నేను ఆయనకు కళ్లయ్యాను.

మొదటి రోజు పోయి చూసి వచ్చాను. "ఏం జూసినవ్?" అని అడిగాడు. "దొర్సాని మంచిగున్నది" అన్నాను. "ముక్కు?" "ముక్కు గూడ మంచిగున్నది." ఆయన కుంచె కింద పెట్టాడు. "మంచిగున్నది అంటే ఏం గియ్యాలె నేను? ముక్కు యాడ మొదలైతదో చెప్పు. కండ్ల నడుమనా, జర కిందికా? మంచిగున్నది అనెటోళ్లు చూడనోళ్లు." ఆ మాట నాకు కోపం తెప్పించింది. మరునాడు పట్టుదలగా పోయి దొరసాని ముఖంలోకి సూటిగా చూశాను. ఆమె ఆకువక్కలు దాచుకునే పాన్‌దాన్ ముందు కూర్చుని ఉంది. "ఏం జూస్తున్నవే గట్ల?" అంది. "కాక చూడుమన్నడు దొర్సాని" అన్నాను. ఇద్దరికీ అది కొత్త. ఆమె కాసేపు తల తిప్పుకుంది, తరువాత తనంతట తానే వెలుతురులోకి జరిగి కూర్చుంది. ఆమె ఎడమ కన్ను కుడి కన్నుకంటే చిన్నదని అప్పుడు చూశాను. నేను చూసినట్లు ఆమెకూ తెలిసింది. "గది చెప్పకు" అంది. నేను చెప్పాను.

రెండు నెలలు ఇదే పని. ఉదయం చూడడం, మధ్యాహ్నం చెప్పడం. కాక వేసే ప్రశ్నలకు లోపల సమాధానం వెతుక్కోవడం అలవాటై, దారిలో ఎవరు ఎదురైనా చెవి ఎక్కడ మొదలైంది, పెదవి ఏ పక్కకు లాగుతుంది అని చూడసాగాను. మా అవ్వకు చుబుకం మీద గుంట ఉందని పదిహేడేళ్లకు తెలిసింది. అన్న ముఖం కూడా అప్పుడే నిజంగా చూశాను. చిన్నప్పుడు గాడిద మీదినుంచి చాకిరేవు బండ మీద పడినప్పటి గాటు అతని ఎడమ కనుబొమ్మను రెండు ముక్కలుగా చీల్చింది. నాకు తెలిసిన గాటే గాని, నవ్వినప్పుడు ఆ రెండు ముక్కలూ వేరువేరుగా లేస్తాయని అంతకుముందు గమనించలేదు.

పిండి దొరసాని బొమ్మను కాక భూతద్దం కింద పెట్టుకుని గంటలు గంటలు చూసేవాడు. ఆయన చూసేది ఆమెను కాదని నాకు కొన్నాళ్లకు అర్థమైంది. "ఈ లేసు జూడు. పోగు పోగుకు చుక్క పెట్టిండు, యాడ తప్పలె. గులాబి మీద మూడు రంగులు. మొఖంకాడికి వచ్చేసరికి చెయ్యి ఉరికింది. గిది ఈమె మొఖం గాదు, ఆ కాలంల అందరికి పెట్టే మొఖం. ఎన్ని గీసిండో గసొంటియి." మరి వాళ్లింట్లోవాళ్లు ఇది మా మనిషి కాదని అనలేదా అని అడిగాను. "ఎందుకంటరు? గౌను ఆమెదే, లేసు ఆమెదే. బట్టలు గుర్తువట్టినోనికి మొఖం గుర్తువట్టినట్లే ఉంటది." తరువాత ఇంకాసేపు చూసి, "పాపం, వానికి చూసింది గీసే హుకుం లేదు. నాకు చూసే హుకుమే లేదు" అని నవ్వాడు. ఎప్పుడో, ఏ దేశంలోనో చచ్చిపోయినవాడిని గురించి కాక పక్క కొట్టంవాడి గురించి మాట్లాడినట్లే మాట్లాడేవాడు.

మా దొరసాని బొమ్మ పూర్తయింది, చిన్న కన్నుతో సహా. దొర చూసి, దానిలా లేదేమని పిండి దొరసానిని చూపించి సణిగాడు. దొరసాని మాత్రం బొమ్మను చాలాసేపు చూసి, పాన్‌దాన్‌లో పెట్టుకుంది. ఆ తరువాత నేను బట్టలకు పోయినప్పుడు ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. అంతకంటే ఏమీ మారలేదు. వెట్టి వెట్టిగానే ఉంది.

మారింది బయట. ఊళ్లలో దొరల మీద తిరగబడే సంఘం వచ్చింది, వెట్టి ఇక చేసేది లేదన్నారు. వాళ్లను అణచడానికి నిజాం తరఫున రజాకార్లు వచ్చారు. దొర కుటుంబం పట్నం వెళ్లిపోయింది. ఒకరోజు అన్న ఉతికిన మూటలు గడి వాకిట్లోనే దించి, ఇంటికి రాకుండా వెళ్లిపోయాడు. రాచకొండ గుట్టల వైపు దళంలో ఉన్నాడని, అక్కడ పేరు మార్చుకున్నాడని నెల తరువాత కబురందింది. అడిగినవాళ్లకు షోలాపూర్ మిల్లులో పనికి పోయాడని చెప్పేవాళ్లం. ఆ తరువాత యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం ముగిసింది. రజాకార్లు పోయారని ఊరంతా ఊపిరి పీల్చుకున్నది. మిలిటరీ వెనుకే దొర కూడా తిరిగొచ్చాడు. మిలిటరీ ఇప్పుడు సంఘం వాళ్ల కోసం వెతకసాగింది. ముసాఫిర్ బంగళాలో క్యాంపు పెట్టారు. అన్న గుట్టల్లోనే ఉండిపోయాడు.

క్యాంపు ఆఫీసరును దొర భోజనానికి పిలిచి పిండి దొరసాని బొమ్మ చూపించాడట. చూపించి, ఇట్లాంటిదే మా ఊరి నకాష్ ఒకడు మా ఆడవాళ్లను చూడకుండా, ఒకరు చెబుతుంటే విని గీశాడని గొప్ప చెప్పుకున్నాడు. ఆఫీసరుకు ఆ గొప్పలో తన పని కనిపించింది. గుట్టల్లో ఒక దళ నాయకుడిని వెతుకుతున్నారు. ఫొటో లేదు, అసలు పేరు తెలియదు. అతన్ని రెండుసార్లు దగ్గరగా చూసిన పోలీసు పటేలు మాత్రం దొరికాడు, గుట్ట కింది ఊరివాడు. మరునాడు ఇద్దరు జవాన్లు వచ్చి సాంబయ్య కాకను, కాక వేసే ప్రశ్నలన్నీ అప్పటికి నేనే అడగడం నేర్చుకున్నాను గనుక నన్ను, బంగళాకు తీసుకుపోయారు.

కాక కాగితం మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన గీసేటప్పుడు చెప్పేవాళ్ల ముఖం చూడడు. నేను పటేలును అడగసాగాను. నుదురు ఎంత, జుట్టు ఎక్కడినుంచి మొదలవుతుంది, దవడ వెడల్పా. పటేలు కొంచెం చెప్పేవాడు, నేను అడిగితే ఇంకొంచెం గుర్తు తెచ్చుకునేవాడు. నాకు పని బాగా వచ్చు అనే గర్వం కూడా ఉంది. కనుబొమ్మలు అడిగాను. "ఎడమదానికి నడుమ గాటున్నది. నవ్వితే రెండు తునకలు లేస్తయి" అన్నాడు.

నేను అంతవరకూ అడిగి రాబట్టిన నుదురు, దవడ అన్నీ ఒక్కసారిగా కలిసి మా అన్న ముఖమయ్యాయి; అతను దళ నాయకుడయ్యాడని మాకు అంతవరకూ తెలియదు. కాగితం మీద సగం ముఖం అప్పటికే అతనిది. ఇంకొక గీత పడితే, ఆ బొమ్మ బజారులో అంటిస్తే, ఇబ్రహీంపట్నంలో చంటిపిల్లవాడు కూడా మా ఇల్లు చూపిస్తాడు. తెలుగు రాని ఆఫీసరు, నా ప్రశ్నలు ఆగడం చూసి, కుర్చీలో ముందుకు వంగాడు.

కాక తల ఎత్తలేదు. అన్నను ఆయన ఎరుగును. ఆ గాటునూ ఎరుగును. రబ్బరుతో గీసినదంతా చెరిపి, మళ్లీ మొదలుపెట్టాడు. "జర తప్పు వడ్డది" అన్నాడు. తరువాత నన్ను అడగనీయకుండా తానే అడిగాడు: "పటేలా, గొంగడి ఏ తీరుది?" పటేలు ముఖం వెలిగింది. బట్టలు అందరికీ గుర్తుంటాయి. నల్లగొంగడి, ఎర్ర అంచు. తలగుడ్డ ఎట్లా చుట్టాడు, కొస ఏ భుజం మీద వేశాడు, చేతికి ఎన్ని పేటల కడియం, మీసం ఎటు మెలి తిరిగింది. కాక ఒక్కొక్కటీ అడిగి, ఒక్కొక్కటీ ప్రాణం పెట్టి గీశాడు. గొంగడి నేత కూడా తెలిసింది. వాటి మధ్యన ముఖం ఒకటి పెట్టాడు, కళ్లు, ముక్కు, నోరు, ఎక్కడా ఏ లోటూ లేకుండా. గాటు లేదు. పటేలుకు గాటు మాట గుర్తే లేదు. బొమ్మ చేతికిచ్చేసరికి, "గీనే. సూస్తున్నట్లే ఉన్నది" అన్నాడు. ఆఫీసరు కాక భుజం తట్టాడు.

ఇంటిదారి పట్టాక, క్యాంపు కనుమరుగయ్యాక నేను అడిగాను: "కాకా, గాయిన ఎట్ల ఒప్పుకున్నడే?" "పిండి దొర్సానిని ఒప్పుకోలేదా వాళ్లోళ్లు?" అన్నాడు కాక. నాకు నవ్వు వచ్చింది, ఆయనకూ వచ్చింది. ఇద్దరం దారి మధ్యలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ముఖం ఎవరిదీ కాదు గదా, ఇక ఎవరు దొరుకుతారు అనుకున్నాం. ఆ తరువాత కొన్ని రోజులు నేను ఎంత సంతోషంగా ఉన్నానో దాచుకోవడం ఇప్పుడు అనవసరం.

బొమ్మ ఊరూరా తిరిగింది. ఒక కురుమ పల్లెలో మల్లయ్య అనే గొర్లకాపరి దొరికాడు. ఎర్ర అంచు నల్లగొంగడి ఉంది, రెండు పేటల కడియం ఉంది, తలగుడ్డ కొస ఎడమ భుజం మీదికి వేసుకుంటాడు. ముఖమా, ఎవరిదీ కాని ముఖానికి ఎవరి ముఖమైనా సరిపోయింది. మూడో రోజు పారిపోతుంటే కాల్చామని చెప్పారు. ఆ తరువాత పటేలును తీసుకుపోయి చూపిస్తే, ఇతను కాదన్నాడు.

నాకు ఆ కబురు చెప్పింది కాకే. చెప్పి, కుంచెలు కడిగి ఆరబెట్టి, "రేపు నడుస్తవా?" అని అడిగాడు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి ఆ పల్లె చేరాం. మల్లయ్య భార్య పేరు వీరమ్మ. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. గుడిసె ముందు కూర్చుని గొర్లకు ఆకు తుంచి వేస్తోంది. పక్కన ఇద్దరు పిల్లలు. కాక నిలబడే చెప్పాడు: "ఆ బొమ్మ గీసింది నేను బిడ్డా." ఆమె విన్నది. లేచి మాకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మేము తాగేదాకా నిలబడి, తరువాత అడిగింది: "ఇంకేంటికొచ్చిన్రు?"

"నీ ఇంట్ల మల్లయ్య బొమ్మ లేదు గద. పిల్లలు చిన్నోళ్లు, రేపు యాది ఉండడు. నువ్వు చెప్పు, నేను గీసిస్త. ఈసారి మంచిగ గీస్త."

కాక కింద కూర్చుని కాగితం తీశాడు. నేను అడగడం మొదలుపెట్టాను. ఒక ముఖం గురించి ఆమెలా చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఒక్కసారి కూడా మంచిగుంటడు అనలేదు. నేను అడగవలసినది అడగకముందే చెప్పింది. చెబుతుంటే ఆమె చేయి గాలిలో ఆ కొలతలు చూపిస్తోంది, అక్కడ ఎవరో కూర్చుని ఉన్నట్లే. అప్పుడు కాక కాగితం మీద మొదటి గీత గీశాడు. ఆమె అది చూసింది. చూసి, వచ్చి, అరచేయి ఆ కాగితం మీద పెట్టింది.

"గియ్యకు" అంది. "కాయితం మీద ఉంటే మల్ల ఎవన్నో పట్టుకపోతరు."

కాక కాగితం మడిచాడు. మేము తిరిగొచ్చాం. ఆ తరువాత సాంబయ్య కాక మనుషులను గీయలేదు. ఆరేళ్లు బతికాడు, బండ్లకు ఎరుపు, కొమ్ములకు నీలం. అంగలార్చలేదు, తాగలేదు, ఎవరితోనూ ఈ మాట ఎత్తలేదు. నేను పోయి కూర్చుంటే పని చెప్పేవాడు. ఒకే ఒక్కసారి, బంక వడగడుతూ, తనంతట తానే అన్నాడు: "మీ అన్నను గీయకుంట ఉండుడే నాకు కావాల్నుండె. అది తప్పు గాదు. ఎవనిదన్న అయ్యే మొఖం గీసుడు తప్పు." నేను ఆయనను ప్రేమించాను. ఆ మాట ఆయన బతికుండగా అనలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను. ఆయన అపరాధంలో సగం మా అన్న ప్రాణం కోసం, అంటే ఆ సగం నాది. దాన్ని ఆయన ఎన్నడూ నాతో పంచుకోలేదు.

పోరాటం ఆగిపోయాక అన్న ఇంటికి వచ్చాడు. పెళ్లి చేసుకున్నాడు, పొలం చేశాడు, ముగ్గురు పిల్లలను పెంచాడు, ముసలివాడై మంచంలో పోయాడు. వచ్చిన కొత్తలో ఒకనాడు అన్నం పెడుతూ జరిగినదంతా చెప్పాను. తినడం ఆపాడు. తప్పు ఎవరిదని అడగలేదు. "ఎట్లుంటుండె గాయిన?" అని అడిగాడు.

చెప్పాను. నేను చూడని మనిషి, వీరమ్మ చెప్పినట్లే చెప్పాను. ఆ తరువాత కాక నేర్పిన పనితోనే పట్నంలో ఫొటో స్టూడియోలో ముప్పై ఏళ్లు పనిచేశాను, వేల ముఖాలు నా చేతి కిందినుంచి పోయాయి, చాలావరకు మరిచిపోయాను. మల్లయ్యను మరవలేదు, గీయనూ లేదు. కింది పళ్లలో రెండు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. కుడి చెవి తమ్మె చీలి ఉంటుంది, చిన్నప్పుడు పోగు లాగిందట. ముక్కు కళ్లకంటే జర కిందినుంచి మొదలవుతుంది. మాట్లాడేముందు గొంతు మీది ఎముక ఒకసారి కదులుతుంది. నవ్వు వస్తే నోటికంటే ముందు కళ్లు మూసుకుంటాడు.